రెండువందల తెల్లకణాలు

పోయిన వారం అనుపమను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి, నోట మాట రాని స్థితిలో వదిలేసి వెళ్లిపోయాను. "ఆ పిల్లకు ఏమైందో చెప్పకుండా వారం రోజులు ఎలా ఆగమంటావు?" అని కొందరు పాఠకులు నిష్ఠూరమాడారు. వాళ్ల కోపం న్యాయమే. రాసే నాకు కూడా ఆ వారం తిన్నది ఒంటబట్టలేదు.

కొత్తగా ఈ పుట తెరిచినవారికి నాలుగు మాటలు. అనుపమ భోపాల్‌పట్నం బట్టల వ్యాపారి కాశీవిశ్వనాథం కూతురు. వరంగల్‌లో లాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, నాలుగేళ్లుగా ఛత్తీస్‌గఢ్ బీజాపూర్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తోంది. ఆవపల్లి దగ్గరి పల్లె నుంచి సీతయ్య అనే రైతు, హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికొచ్చిన పదిహేడేళ్ల కూతురు బిందును తీసుకుని పది రోజుల కిందట ఒకసారి వచ్చాడు. మలేరియా అన్నారు, మాత్రలిచ్చి పంపారు. ఇవాళ ఉదయం మళ్లీ వచ్చాడు. జ్వరం అలాగే ఉంది. పైగా బిందు చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది, దెబ్బ తగలకుండానే ఒళ్లంతా కమిలిన మచ్చలు. డాక్టర్ కమలేష్ తెల్లవారుతూనే ఉసూర్ అవతలి ఊళ్లకు క్యాంపుకి వెళ్లాడు. అక్కడ ఫోన్లు పలకవు. ఆసుపత్రిలో మిగిలింది అనుపమ, నర్సు సుశీల.

మైక్రోస్కోప్ కింద అనుపమ చూసినదేమిటో ఇప్పుడు చెబుతాను.

పల్చగా పూసిన ఆ రక్తంలో ప్లేట్‌లెట్లు వెతికినా దొరకడం లేదు. తెల్లకణాలు మాత్రం కిక్కిరిసి ఉన్నాయి, అవీ ఇంకా ఎదగని లేతకణాలే. లేతకణమైతే దాని మధ్య న్యూక్లియస్ గుండ్రంగానో, కాస్త కోలగానో ఉండాలి. ఇక్కడ ప్రతి న్యూక్లియస్ నడుం దగ్గర నొక్కుకుపోయి రెండు రెక్కలుగా విడిపోయింది. కొన్నిటిలో దొప్ప కుట్టడానికి ఆకును మడిచినట్టు ఒక సగం ఇంకో సగం మీద పడి ఉంది. ఒకటి రెండు కణాలైతే పూత సరిగ్గా రాలేదనుకోవచ్చు. స్లైడును ఎటు జరిపినా అవే కనిపించాయి.

కంటికి ఆనించే గొట్టం మీద ఫోన్ పెట్టి ఆరు ఫొటోలు తీసి, వరంగల్‌లో తనకు చదువు చెప్పిన డాక్టర్ దుర్గాభవానికి పంపింది. రెండు నిమిషాల్లో ఆమె నుంచే ఫోన్ వచ్చింది.

"అనుపమా, రూమ్‌ల ఎవరన్న ఉన్నరా?"

"లేరు మేడమ్."

"ప్లేట్‌లెట్లు ఎంత?"

"మిషన్ పన్నెండు వేలు చూపిస్తుంది. రెండుసార్లు పెట్టి చూసిన."

కనీసం లక్షన్నర ఉండాల్సిన చోట పన్నెండు వేలు. అవతల దుర్గాభవాని ఫొటోలు మళ్లీ ఒక్కొక్కటే చూసింది.

"ఇది రక్తకాన్సర్ అమ్మా. అందుల ఒక ప్రత్యేకమైన రకం అనుకుంటున్న. ఫొటో చూసి ఖాయం చెయ్యలేను, జన్యుపరీక్ష కావాలె. కానీ ఈ రకానికి ఖాయమయ్యేదాక ఆగితే మనిషి మిగలదు. అనుమానం రాంగనే మందు మొదలుపెట్టాలె."

"న్యూక్లియస్ అట్లెందుకు మడతపడ్డది మేడమ్?"

అడగాల్సిన ప్రశ్న అది కాదు. బిందు బతుకుతుందా అని అడగాలి. ఆ ప్రశ్న అడిగే ధైర్యం లేక దాని పక్కన ఉన్నది అడిగింది. దుర్గాభవానికి ఆ సంగతి తెలిసినట్టే ఉంది. నిదానంగానే చెప్పింది.

"ఎముక మూలుగల తెల్లకణం పుడుతది. పుట్టినంక దానికి, ఇంక ఎదుగు, పెద్దదానివై పనిల చేరు, అని ఒక కబురు అందాలె. విటమిన్ ఏ నుంచి తయారయ్యే ఒక పదార్థం ఆ కబురు తెస్తది. అందుకునే ప్రోటీన్ ఒకటి న్యూక్లియస్ లోపల కాచుకొని ఉంటది. ఈ జబ్బుల రెండు క్రోమోజోములు తెగి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుంటది. దాంతోటి ఆ అందుకునే ప్రోటీన్ ఇంకో ప్రోటీన్‌తో కలిసిపోతది. అప్పుడు కబురొచ్చినా వినదు. వినకపోవుడే కాదు, ఎదగడానికి కావలసిన జన్యువుల మీద కూర్చొని వాటిని లేవనియ్యదు. కణం ఎదగదు, చావదు, పిల్లల్ని పెడుతనే ఉంటది. సగం దారిల ఆగిపోయిన కణం ఇట్లాంటి వంకర న్యూక్లియస్‌తో కనపడుతది. న్యూక్లియస్ పొరకు బిగువునిచ్చే ప్రోటీన్లు గూడ అదుపు తప్పుతయని కొందరంటరు. మొత్తం ఇంకా తేలలే."

"మందుందా?"

"ఉంది. అదే కబురును పెద్ద మోతాదుల మాత్రగ ఇస్తరు. అప్పుడు ఆ ప్రోటీన్ లొంగుతది, కణాలు ఎదుగుడు మొదలుపెడతయి. విను, ఈ కాన్సర్ నయమైతది. చాలామంది పూర్తిగ బాగైతరు. కానీ మొదటి వారంల రక్తం కారి చచ్చిపోయేటోళ్లు గూడ దీంట్లనే ఎక్కువ. ఆ కణాల లోపలున్న సరుకు బయటపడితే రక్తం గడ్డకట్టే గుణమే దెబ్బతింటది. మెదడుల కారితే మన చేతిల ఏముండదు. జగదల్‌పూర్‌ల నా స్టూడెంట్ శ్రీకాంత్ డాక్టరున్నడు. మాత్రలు, ప్లేట్‌లెట్లు తయారు పెట్టమంట. చీకటి పడకముందే పిల్ల అక్కడ ఉండాలె. కిందపడనియ్యకు. పండ్లు తోమనియ్యకు. కండకు సూది అసలే వెయ్యనియ్యకు. సూది పోటు దగ్గర రక్తం లోపల్లోపల నిండుతది."

సరిగ్గా అప్పుడే గోడ అవతల నుంచి సీతయ్య గొంతు వినిపించింది. "ఒక్క సుయి ఏయి సిస్టరమ్మా. ఒక్కటంటే ఒక్కటి."

మా వైపు జబ్బంటే సూది. పది రకాల మాత్రలిచ్చినా సూది పొడవని డాక్టరు డాక్టరే కాదు. సూది వేయించుకోకుండా ఇంటికి పోతే ఊళ్లో "ఎందుకు పోయినవురా మరి?" అంటారు. అందుకని సుశీల దగ్గర ఎప్పుడూ బి కాంప్లెక్స్ సూదులు పదో పన్నెండో సిద్ధంగా ఉంటాయి. వాటివల్ల మేలూ లేదు, కీడూ లేదు. మనుషులు తృప్తిగా ఇంటికి పోతారు.

అనుపమ ఫోన్ బల్ల మీద పడేసి పరుగెత్తింది. బిందు బోర్లా పడుకుని ఉంది. సుశీల దూదితో తుడిచి, సూది పైకెత్తి చుక్క బయటికి నెట్టి, చేయి వంచుతోంది.

"వద్దు!"

ఆ కేకకు సుశీల చేతిలోంచి సిరంజి జారి నేల మీద పడింది.

"ఏంది అనుపమా, జడిపిచ్చి సంపుతవా? గంట నుంచి కాళ్లావేళ్లా పడుతుండు, తాకత్ సూదే గదా అని..."

"ఈ పిల్లకు ఎవ్వరూ సూది వెయ్యొద్దు. నువ్వు, నేను, ఎవ్వరూ."

బిందు తల తిప్పి చూసింది. పెదవి మూల ఎండిన రక్తం ఉంది. "దీదీ, నా నెత్తురు మంచిగ లేదా? హాస్టల్‌ల వార్డెన్ మేడమ్ నాది సిటీ పిల్లల నెత్తురంటది, గింత పని చేస్తే అలిసిపోతనని." చెప్పి నవ్వింది. పళ్ల మధ్య ఎరుపు కనిపించింది. అనుపమ చూపు తిప్పుకుంది.

లాబ్‌లోకి తిరిగి వచ్చేసరికి ఫోన్‌లో మేడమ్ సందేశం ఉంది. 'ఎప్పటి నుంచి ఉందో తెలిస్తే శ్రీకాంత్‌కు పనికొస్తుంది. పాత స్లైడ్ దాచి ఉంటే చూడు.'

పాత స్లైడ్ ఉంది. మలేరియా తేలిన స్లైడ్లన్నీ నెలాఖరుదాకా చెక్కపెట్టెలో దాస్తారు. పైనుంచి ఎవరైనా మళ్లీ చూసి సరిపోల్చాలంటే కావాలి కదా. అనుపమ పెట్టె తెరిచి, తన చేతిరాతతో ఉన్న బిందు స్లైడ్ తీసింది. తీసి కూడా మైక్రోస్కోప్ కింద పెట్టడానికి భయపడి కొంచెంసేపు వేళ్ల మధ్యే పట్టుకుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మలేరియా క్రిములు ఎన్ని ఉన్నాయో ఊరికే లెక్కపెట్టరు. తెల్లకణాలతో పోల్చి లెక్కపెడతారు. ఎడమచేతిలో తెల్లకణాలకు ఒక మీట, కుడిచేతిలో క్రిములకు ఒక మీట. తెల్లకణం కనిపిస్తే టిక్, క్రిమి కనిపిస్తే టిక్. రెండువందల తెల్లకణాలయ్యేసరికి క్రిములెన్నో రాస్తారు. బస్తర్‌లో జ్వరాల కాలంలో రోజుకు నలభై స్లైడ్లు. తెల్లకణం ఆ పనిలో కొలబద్ద మాత్రమే. దాని మొహం ఎవరూ చూడరు. అనుపమా చూడలేదు.

ఇప్పుడు చూసింది. అది మలేరియాకు వేసే మందపు పూత, కణాల అంచులు చెదిరి ఉన్నాయి. అయినా నడుం నొక్కుకుపోయిన ఆ న్యూక్లియస్‌లు, ఆ మడతలు, అవే. పది రోజుల కిందట కూడా అవే.

రిజిస్టర్‌లో తను రాసింది చదువుకుంది. 'రెండువందల తెల్లకణాలకు క్రిములు నాలుగు.' ఆ నాలుగూ నిజమైనవే. మా అడవి ఊళ్లలో జబ్బు చేయకుండానే ఒంట్లో నాలుగు క్రిములు మోసుకు తిరిగేవాళ్లు బోలెడంతమంది. జ్వరంతో వచ్చిన పిల్లలో నాలుగు దొరికితే ఇంకేం వెతుకుతారు? కానీ అనుపమకు ఇంకో విషయం గుర్తొచ్చింది. మామూలుగా రెండువందల తెల్లకణాలు లెక్కపెట్టాలంటే స్లైడును పాతిక చోట్ల జరపాలి. ఆ రోజు నాలుగైదు చోట్లకే అయిపోయింది. అన్నిన్ని తెల్లకణాలు ఎక్కడివని ఆమె తనను తాను అడగలేదు. పని తొందరగా తెమిలిందని సంతోషించి, టిఫిన్ డబ్బా తెరిచింది.

నాకు అనుపమ మీద కోపం ఉంది, దాచుకోను. అయితే ఆ కుర్చీలో నేనున్నా అదే డబ్బా తెరిచేవాణ్ణని కూడా తెలుసు.

ఆ స్లైడ్ తన దగ్గర ఉందని ఈ ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. గాజు ముక్క, చెయ్యి జారితే పగిలిపోతుంది. ఆ ఆలోచన ఆమెకు వచ్చింది. రాలేదని నేను అబద్ధమాడను. స్లైడును ఏప్రన్ జేబులో వేసుకుని, కిరాయికి బండి తోలే లచ్చుకు ఫోన్ చేసి బొలేరో తెమ్మని చెప్పి, వరండాలోకి నడిచింది.

సీతయ్య గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"కాకా, బిందును ఇప్పుడే జగదల్‌పూర్ తీస్కపోవాలె. గాడీ వస్తుంది."

"ఎందుకు?"

"రక్తంల పెద్ద జబ్బున్నది. మందు అక్కడున్నది."

సీతయ్య తల అడ్డంగా ఊపాడు. "ఎల్లుండి మా ఊళ్ల విజ్జ పండుం దీదీ, ఇత్తనాల పండుగ. ఇంటింటి ఇత్తనం తెచ్చి ఒక్కకాడ కలిపి మొక్కినంకనే సల్లుడు. మా ఇంటి గింజ నేను పెట్టాలె. నేను లేకుంటే ఊరంత ఆగుతది, వానలొచ్చినయి. పండుం కాంగనే తెస్త. నాలుగే దినాలు."

"నాలుగు దినాలు ఆగదు కాకా."

"పది దినాలు ఆగింది గద? జరంతోటే ఇంట్ల తిరిగింది, కట్టెలు గూడ తెచ్చింది. ఇంక నాలుగు దినాలకేమైతది?"

దానికి జవాబు అనుపమ జేబులోనే ఉంది, అది బయటికి తీయలేదు. రక్తం ఆగకుండా కారుతుందని చెప్పింది, ప్రాణం పోతుందని చెప్పింది. కాన్సర్ అన్న మాట కూడా వాడింది. ఆ మాటకు సీతయ్య కళ్లు ఒక్కసారి బెదిరాయి. అంతలోనే మొహం బిగుసుకుపోయింది.

"పోయినసారి నువ్వే మలేరియా అంటివి. నువ్వు చెప్పినవని మాసే రోజు లెక్కబెట్టి గోలీలేసింది. మా ఊరి పూజారి వడ్డె వచ్చి మొక్కు చేస్తనంటే, బీజాపూర్ దీదీ మిషన్ల చూసి చెప్పిందని నేనే వద్దన్న. ఇయ్యాల ఇంకోటంటున్నవు. రేపు ఇంకోటంటవు. నేను దేన్ని నమ్మాలె?"

మాసే అతని భార్య. ఇంటి దగ్గర చిన్నపిల్లలతో ఉండిపోయింది. ఆమె రోజులు లెక్కపెట్టి మాత్రలు మింగించిందన్న మాట విన్నాక అనుపమ చేయి ఏప్రన్ జేబులోకి వెళ్లింది.

"మలేరియా ఉన్నది కాకా. అది అబద్ధం కాదు. కానీ జరం దానిది కాదు. ఈ జబ్బు గూడ అప్పుడే ఉన్నది."

"అప్పుడే అంటే?"

"పది దినాల కిందట. బిందు నెత్తురులనే ఉన్నది. నేను చూసుకోలేదు." స్లైడ్ తీసి అతని ముందు పట్టుకుంది. "ఇది ఆ రోజుదే. రెండువందల కణాలు ఒక్కొక్కటి నేనే లెక్కబెట్టిన. అన్నీ వంకరగనే ఉన్నయి. క్రిముల కోసమే చూసిన, వాటిని చూడలే. పది దినాలు ఆగలేదు కాకా. ఆ పది దినాలు జబ్బు తినేసింది. ఇంక మన దగ్గర దినాలు లేవు."

సీతయ్య లేచి నిలబడ్డాడు. కొడతాడనుకుంది. కొట్టినా బాగుండు అనుకుంది. అతను ఆ గాజు ముక్కను రెండు వేళ్లతో తీసుకుని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. నీలిరంగు మరక తప్ప అతనికి ఏం కనిపిస్తుంది?

"ఇది నా బిడ్డ నెత్తురా?"

"అవును."

చాలాసేపు చూశాడు. బస్టాండ్‌లో ఎవరో జగదల్‌పూర్, జగదల్‌పూర్ అని అరుస్తున్నారు.

"నాకు సదువు రాదు," అన్నాడు చివరికి. గొంతు హెచ్చించలేదు. ఇందాకటిదాకా దీదీ అన్నవాడు ఇప్పుడు ఆ మాట వాడలేదు. "నీకొచ్చు గద బిడ్డా."

అనుపమ ఏడ్చింది. ఏడవడానికి తనకు హక్కు లేదనిపించి చున్నీ కొసతో మొహం గట్టిగా తుడుచుకుంది.

అతను స్లైడును తిరిగి ఇవ్వలేదు. తువ్వాలు కొసలో పెట్టి ముడివేసి నడుముకు చుట్టుకున్నాడు. అది ఆసుపత్రి సొత్తని, ఇవ్వమని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ ముడి రేపు ఎవరి ముందు విప్పుతాడో, తన ఉద్యోగం ఏమవుతుందో అన్న భయం ఒక్క క్షణం వచ్చి, దానికంటే పెద్ద భయం కింద పడి నలిగిపోయింది.

"నడువు," అన్నాడు సీతయ్య. "నువ్వు గూడ రావాలె. అక్కడ డాక్టర్లకు ఇదంత నేను చెప్పలేను. నువ్వే చెప్పాలె, ఇప్పుడు నాకు చెప్పినట్టే."

"వస్త."

బండి వచ్చింది. సుశీల ఫోన్‌లో దుర్గాభవానితో మాట్లాడి, రక్తం కారితే ఏం చేయాలో కాగితం మీద రాసి అనుపమకు ఇచ్చింది. మధ్య సీటులో దుప్పటి పరిచి, కుదుపులకు తల తగలకుండా పక్కన దిండు పెట్టి బిందును పడుకోబెట్టారు. ఆమె తల అనుపమ ఒడిలో ఉంది. సీతయ్య ముందు కూర్చున్నాడు. జగదల్‌పూర్ నాలుగు గంటల దారి. లచ్చుకు దారిలో ప్రతి గుంతా తెలుసు, కానీ ఇవాళ ఏ గుంతకు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఎద్దుబండి తోలినట్టు తోలమంది అనుపమ. చీకటి పడకముందే చేరాలని కూడా అంది. రెండూ ఎట్లా కుదురుతాయని లచ్చు అడగలేదు, పాపం.

ఊరు దాటారు. నిన్నటి వాన కడిగిన ఆకాశం, ఒక్క మబ్బు లేదు. మధ్యాహ్నం రెండు గంటల ఎండ కిటికీలోంచి సూటిగా బిందు మొహం మీద పడుతోంది. చిగుళ్ల ఎరుపు మళ్లీ పెదవి మీదికి వచ్చింది. అనుపమ దూదితో అద్దింది, తుడవలేదు.

"దీదీ," అంది బిందు. "తలకాయ పలుగుతున్నది."

"ఎప్పటి నుంచి?"

"ఇప్పుడే. ఎనక దిక్కు."

మెదడుల కారితే అని మేడమ్ అన్న మాట అనుపమకు గుర్తొచ్చింది. ఏమీ కాదని చెప్పబోయింది. ఆ మాట ఈ ఇంటివాళ్లకు ఇంక చెప్పకూడదని నోరు మూసుకుంది. ఎండ కళ్లలో పడుతుందని చున్నీ అడ్డం పెట్టబోయి, వంగి చూసింది. బిందు కళ్లు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. అంత ఎండకు రెప్ప కూడా వేయడం లేదు.

"దీదీ, పొద్దు గూకిందా?" చేయి గాలిలోకి చాచి తడుముకుంటూ అడిగింది. "బండిల లైటెయ్యమనరాదు. నీ మొఖం గూడ అవుపడతలేదు."

లచ్చు ఉలిక్కిపడి బ్రేకు మీద కాలు పెట్టాడు. సీతయ్య ముందు సీటులోంచి వెనక్కి తిరిగాడు. కూతురి వైపు చూడలేదు. అనుపమ వైపే చూశాడు.

"ఏందది? ఏమంటున్నది నా బిడ్డ? నిజం చెప్పు."